గీతలు దగ్గరపడ్డ చోటు

ట్రంకుపెట్టె మూత తీస్తే నాఫ్తలీన్ గోలీల వాసన, దాని కింద తడిసి ఆరిన గుడ్డ వాసన. సాబు పటం వాసన అది. నాకు సంతకం వరకే వచ్చు; మనుమరాలు రాస్తుంటే చెబుతున్నాను.

సాబు కొల్లాపూర్‌లో మా వీధి చివర ఉండేవాడు. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన ముసలాయన. రోజూ వెళ్ళి జొన్నరొట్టెలు చేసి పెట్టేదాన్ని. ఆయన గోడకు గుడ్డ మీద అతికించిన పాత పటం ఉండేది. డ్యాం కట్టకముందటి కృష్ణ ఒడ్డు, నల్లమల దిక్కు మనిషి తిరగని గుట్టలు, అన్నీ అందులోనే.

"గివేంది సాబ్, చెదలు తిన్నట్టు గీతలు?" అని అడిగానొకసారి.

"గుట్టల ఎత్తు బిడ్డా. ఎడంగ ఉంటే బండి ఎక్కుతది. గిట్ల అతుక్కుంటే మేక గూడ జారుతది. నీ రొట్టె అంచు పగుళ్ళ లెక్క దగ్గరపడ్డయి సూడు" అని నవ్వాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి వానకాలం నా పెనిమిటి కృష్ణలో చేపలకు పోతే పుట్టి తిరగబడింది. పుట్టి దొరికింది, మనిషి దొరకలేదు. అత్త నా గాజులు తియ్యనివ్వలేదు. "పీనుగ దొరకనోడు సావలే. నా కొడుకు వస్తడు" అని పూటపూటకూ ఇంకో కంచం పెట్టించేది. ఊరంతా అదే మాట. దినాలు లేవు, కాకికి ముద్ద లేదు. నేను పెళ్ళామో ముండమోపినో నాకే తెలియదు. వాకిట్లో చెప్పుల చప్పుడైతే రొట్టె కొట్టే చేయి ఆగిపోయేది.

ఒకనాడు అట్లాగే రొట్టె మాడింది. సాబు తిట్టలేదు. పటం దించి నేల మీద పరిచాడు.

"పుట్టి యాడ తిరగబడ్డది? నీ వేలు ఇటియ్యి."

చెప్పాను. నా వేలు తీసుకెళ్ళి ఆ మలుపులో పెట్టాడు. అక్కడ గీతలు ఒకదాని మీద ఒకటెక్కి నల్లబడ్డాయి.

"గిది లోయ. ఇప్పుడు దీని మీద నీళ్ళున్నయి. ఈడ పడ్డది పైకి రాదు బిడ్డా. ఇగ రాడు."

ఆ మాట అన్నవాడు ఆయనొక్కడే. నేలమీద పడి ఏడ్చాను. ఆయన పొయ్యి ఆర్పి గుమ్మంలో కూర్చున్నాడు, ఎవరినీ లోపలికి రానివ్వకుండా. ఏడుపు ఆగినాక నా బొట్టు బొటనవేలితో తుడిచి, ఆ నల్లటి చోట అద్దాను.

"పటం ఖరాబైంది సాబ్."

"కానియ్యి. ఇన్నేండ్లు ఉత్త గీతలే ఉండె. ఇప్పుడు మనిషున్నడు."

సాబు చనిపోయే ముందు పటం నాకే ఇమ్మని తన కొడుకుతో చెప్పాడు. ఏటా పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాసకు దాన్ని పరిచి, ఆ మరక పక్కన ముద్ద పెడతాను.

మొన్నటి వానల్లో కొడుకు ఏట్లో మునిగి, పీనుగ కూడా దొరకని ఒకామె మా ఇంటికొచ్చింది. "అందరు వస్తడంటున్నరక్కా. నువ్వు గూడ జర చెప్పు" అని చేతులు పట్టుకుంది. వస్తాడనడానికి ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. పొయ్యి ఆర్పి, పటం తెచ్చి పరిచాను.

"నీ వేలు ఇటియ్యి చెల్లె" అన్నాను.