టేపు ఆపిన మధ్యాహ్నం

పోయిన వారం అమెరికాలోని క్యారీలో, మా అమ్మాయి ఇంట్లో, కాఫీ తాగుతూ ఈమెయిల్ తెరిస్తే, ఎప్పటిదో నా పరిశోధన పట్టుకుని బ్రెజిల్ నుంచి ఒకామె రాసిన ఉత్తరం కనిపించింది. తండ్రి పోయేటప్పటికి తనకు రెండేళ్ళట, ఎక్కడో పట్నంలో పెరిగిందట, పోర్చుగీసు తప్ప తమ వాళ్ళ భాష రాదట. తండ్రి ఎలా పోయాడో, అప్పట్లో మేం రికార్డు చేసిన టేపుల్లో వాళ్ళ నాయనమ్మ ఎక్కడైనా చెప్పి ఉంటే పంపమని బతిమాలింది. ఆవిడ చెప్పింది. నాకే చెప్పింది.

ఎనభైల మొదట్లో ఇక్కడ ఒక యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదువుతూ మా ప్రొఫెసర్‌గారి దగ్గర అసిస్టెంటుగా ఉండేదాన్ని. మన తరం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఫీజూ తిండీ వీసా అన్నీ ఆయన సంతకం మీదే నడిచేవి. అమెజాన్ అడవుల్లో కొద్దిమందే మాట్లాడే తుపి భాషాకుటుంబానికి చెందిన ఒక భాషకి వ్యాకరణం రాయాలని ఆయన అక్కడి పెద్దావిడని ఒక సెమిస్టరుకి రప్పించారు. ఎవరో ఇచ్చిన మగవాళ్ళ కోటు వేసుకుని మంచులో నడిచి వచ్చి, ఆ కోటు విప్పకుండానే మైకు ముందు కూర్చునేది పాపం.

కార్డు మీది వాక్యం నేను పోర్చుగీసులో చదివితే ఆవిడ తన భాషలో మూడేసిసార్లు అనాలి. నేను కట్టె కొట్టాను, నువ్వు కట్టె కొట్టావు, ఇవీ మా ఘనకార్యాలు. మధ్యలో సొంతంగా ఏదైనా మొదలుపెడితే ప్రొఫెసర్‌గారు వేలెత్తేవారు, నేను టేపు ఆపేసేదాన్ని. ఆ టేపు చక్రాలు తిరిగినంతసేపే మేం వింటామని ఆవిడ మొదటి వారంలోనే కనిపెట్టేసింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఊళ్ళో లేరు. కార్డు మీద "నా కొడుకు చనిపోయాడు" అని ఉంది, రాసింది నేనే. ఆవిడ బుద్ధిగా మూడుసార్లూ అంది. "నీ కొడుకు చనిపోయాడు" అని నేను చదవబోతే చెయ్యెత్తి ఆపి, తనంతట తాను మాట్లాడసాగింది. అప్పటికి నాకు అబ్బిన ముక్కల్లో తట్టు, నది, వీపు మీద మోసుకెళ్ళాను అన్నవి మాత్రం తెలిశాయి. నా వేలు అలవాటుగా బటన్ మీదికి పోయింది. ఆవిడ ఆగిన చక్రాల వంక చూసింది, అయినా చివరిదాకా చెప్పి, కళ్ళు తుడుచుకుని, పోర్చుగీసులో అడిగింది:

"సరే అమ్మాయ్, ఇప్పుడేం అనమంటావు?"

సిగ్గులేకుండా తర్వాతి కార్డు చదివాను.

వ్యాకరణం అచ్చయింది, నాకు ఉద్యోగం వచ్చింది, ఆవిడ పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళు పులిహోర కలపడం కూడా వీడియో తీస్తారు, ఎంత తీసినా ఫోన్లో జాగా ఉంటుంది. ఆ భాష మాట్లాడేవాళ్ళే మిగల్లేదట.

కొడుకు గురించి టేపులో ఉన్నది ఆ ఒక్క వాక్యమేనని ఆవిడ మనవరాలికి రాశాను. అదే పంపండి, నాయనమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు అని మర్నాడే జవాబిచ్చింది. పంపాను. మూడోసారి అన్న తర్వాత, ఆవిడ ఊపిరి పీల్చుకుని ఏదో మొదలుపెట్టగానే టిక్కుమని వినిపించేది నా వేలేనని మాత్రం రాయలేకపోయాను.