నలభై ఎనిమిది అన్న అమ్మాయి

నలభై ఎనిమిది. ఈ అంకెను పన్నెండేళ్లుగా మోస్తున్నాను. బస్సు మీద కనబడినా, ఏదో ఇంటి గేటు మీద కనబడినా ఒళ్లు చురుక్కుమంటుంది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. నన్నెరిగినవాళ్లంతా నన్ను మెచ్చుకునేవాళ్లే. వాళ్లతో వేగలేక చస్తున్నాను.

నేను లెక్కలు చెబుతాను. అప్పట్లో క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉండేవాణ్ని. సాయంత్రాలు తార్నాకలో, ఒక మెస్సు మీద రేకుల హాల్లో, టీచర్ పోస్టుల పరీక్షకు చదివేవాళ్లకు పాఠం చెప్పేవాణ్ని. శ్రేఢులంటే నా తర్వాతే ఎవరైనా అని పేరు. శ్రేఢి అంటే ఏమీ లేదు, ఒక పద్ధతిలో పెరిగే అంకెలు, లేదా తరిగే అంకెలు. వాటినే మాటల్లో చుట్టి లెక్కగా ఇస్తే మాత్రం పిల్లలకు చుక్కలు కనబడతాయి. మెట్లు, కుర్చీల వరసలు, ఎగిరే బంతి. ఆ బంతే నా కొంప ముంచింది. కాదు, కాదు. నేనే ఇంకొకరి కొంప ముంచాను. చూశారా, ఇప్పటికీ నింద బంతి మీదికే తోస్తున్నాను.

లెక్క ఇది. పదహారు మీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలారు. నేలకు తగిలిన ప్రతిసారీ, పడ్డ ఎత్తులో సగానికి లేస్తుంది. ఆగేలోపు మొత్తం ఎంత దూరం తిరిగింది? బోర్డు మీద గబగబా రాసేశాను. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, అలా అనంతం దాకా కూడితే ముప్పై రెండు. కిందికీ పైకీ కాబట్టి దానికి రెండింతలు, అరవై నాలుగు. సుద్దముక్క పెట్టేసి చేతులు దులుపుకున్నాను.

మూడో బెంచీలో చెయ్యి లేచింది. రేణుక అందాం, అసలు పేరు రాయను. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి క్యాంపస్ హాస్టల్లో ఉండి చదువుకునేది. సూత్రం చెబితే ఒప్పుకోదు. ప్రతిదానికీ బొమ్మ గీస్తుంది, వేళ్ల మీద లెక్కపెడుతుంది, ఆ తర్వాత నన్ను నిలదీస్తుంది. ఆ చెయ్యి లేస్తే చాలు నాకు ఒళ్లు మండేది.

“సార్, నాకు నలభై ఎనిమిది వస్తున్నది.”

“ఎలా వచ్చిందమ్మా?”

“మొదటిసారి బంతిని మీదికెల్లి ఇడిసిండ్రు గద సార్. అది కిందికే పడ్డది. ఆ పదహారు మీటర్లు మీదికెప్పుడు పోయింది? దాన్ని ఒక్కసారే లెక్కవెట్టాలె గద?”

నాకు అప్పుడు అర్థం కాలేదని, తర్వాతెప్పుడో తెలిసిందని నాకు నేనే ఎన్నిసార్లు నచ్చజెప్పుకున్నానో! అబద్ధం. ఆమె జవాబే సరైనదని ఆ నిమిషంలోనే తెలిసింది. హాలంతా నా మొహంలోకి చూస్తోంది. తల కొట్టేసినట్టయింది.

“బంతి వెనకాల నువ్వేమైనా పరిగెత్తావా? నేను తప్పు, నువ్వు కరెక్టు, అంతేనా? రా, నువ్వే చెప్పు పాఠం, నేను బెంచీలో కూర్చుంటా.”

అందరూ గొల్లుమన్నారు. “సారీ సార్” అని కూర్చుంది. నోట్సులో తన జవాబు కొట్టేసి నాది రాసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ఆ నవ్వులు నాకెలా అనిపించాయో చెబితే అసహ్యించుకుంటారు. హాయిగా అనిపించాయి.

మర్నాడు చెప్పొచ్చు కదా? “నిన్న తొందరలో పొరపడ్డాను” అనడానికి ఎంతసేపు పడుతుంది? పరువు పోతుందని భయమా? రోడ్డు అవతల కొత్తగా తెరిచిన కోచింగ్ సెంటర్‌కు పిల్లలు పోతారనా? ఇవన్నీ నేను ఇన్నాళ్లూ నాకు చెప్పుకున్న కారణాలు, వీటిలో కొంత నిజముంది కూడా, కానీ వీటి అడుగున ఇంకొకటి ఉంది: అదే మాట మొదటి బెంచీలోంచి ఎవరైనా ఇంగ్లీషులో అడిగుంటే అలా వెక్కిరించేవాణ్నా? లేదు. “గుడ్ క్వశ్చన్” అనేవాణ్ని. ఛ.

పరీక్షలో ఆ బంతే వచ్చింది. అంకెలు మారాయి, అంతే. పేపరు పెట్టేవాళ్లకు ఆ పొరపాటు ముందే తెలుసు కాబట్టి, నాలాంటి వాడు చేసే తప్పు జవాబు కూడా ఆప్షన్లలో పెట్టారు. రేణుక దాన్నే పెట్టింది, ఒక్క మార్కులో ఉద్యోగం పోయింది. క్యాంపస్ క్యాంటీన్‌లో టీ తాగుతుంటే కీ పేపరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. పోట్లాడటానికే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను.

“ముందుగాల నేననుకున్నట్టు చేస్తే వస్తుండె సార్. నాదే తప్పు. నా మీద నాకే నమ్మకం లేకపాయె.”

నేనేమన్నానో తెలుసా? ఆత్మవిశ్వాసం ఉండాలమ్మా, అన్నాను. ఆత్మవిశ్వాసం! ఆ మాట అన్న నోరు ఎందుకు పడిపోలేదో! పైగా టీ కూడా ఇప్పించాను. తర్వాతి నోటిఫికేషన్ చాలా ఏళ్లకు గానీ పడలేదు. ఈలోపు ఆమెకు పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఇంటి దగ్గరే ట్యూషన్లు పెట్టుకుందని విన్నాను.

ఇంతటితో ఊరుకుని ఉంటే ఇది రాసేవాణ్ని కానేమో. తర్వాతి బ్యాచ్‌కు లెక్క సరిగ్గానే చెప్పాను. చెబుతూ చెబుతూ, ఏం బుద్ధి పుట్టిందో, “ఇక్కడే జాగ్రత్త! నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. మొదటి ఎత్తును కూడా రెండుసార్లు కలిపింది, ఎంత చెప్పినా వినలేదు, ఒక్క మార్కులో ఉద్యోగం పోగొట్టుకుంది” అనేశాను. నా తప్పును తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టాను. పిల్లలు నవ్వారు, ఆ లెక్క మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ఇంకేం, ప్రతి బ్యాచ్‌కూ అదే కథ. ఏటా కాస్త మసాలా కలిపాను. గొప్పగా చెబుతారు సార్, అని పొగుడుతారు. ఎవరితో మొరపెట్టుకోను?

ఈసారి బ్యాచ్‌లో మెట్టుగూడ నుంచి ఒక అమ్మాయి చేరింది. శ్రేఢులు నేర్చుకోవాలంటే ఆ సార్ దగ్గరికే పో అని వాళ్ల ట్యూషన్ మేడం పంపిందట. ఆదివారం ఆదివారం నోట్సు తెచ్చి చూపించమందట కూడా. మేడం పేరేమిటని అడిగాను. చెప్పింది. రేణుకే.

పోయిన మంగళవారం బంతి లెక్క వచ్చింది. ఆ కథ చెప్పకూడదనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అయినా నాలుక దానంతటదే మొదలుపెట్టేసింది. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తల వంచుకుని, ఒక్క ముక్క పోకుండా నోట్సులో రాసుకుంది.

నిన్న ఆదివారం. రేణుక చదివే ఉంటుంది.

ఇవాళ ఆ అమ్మాయి వచ్చింది, నమస్తే సార్ అంది, కూర్చుంది. మేడం ఏమైనా అన్నదా అని అడక్కుండానే పాఠం మొదలుపెట్టేశాను. ఫోన్ చేసి క్షమించమని అడగొచ్చు. అడిగితే “అయ్యో, గంతేనా సార్” అంటుంది. అంటుందని తెలుసు కాబట్టే అడగలేను.

తప్పు చేసింది ఆమె కాదు, నేను. ఇదిగో, రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది. ఇంత చిన్న వాక్యానికి పన్నెండేళ్లు పట్టిందంటే, నేనేం మాస్టార్నండీ!