పెద్దత్త పన్ను

మా మ్యూజియంలో ఎముకల గది చూసే గురువుగారికి ఒకటే జబ్బు. ఏ ఎముక కనబడినా దానితో చుట్టరికం కలిపేస్తారు.

నేను ఉద్యోగంలో చేరిన రోజే, "కింద గదిలో పెద్దత్త ఉంది, పైకి తీసుకురామ్మా. గడ్డం పట్టుకుని ఎత్తకు, ఆవిడకు గడ్డం లేదు" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. ముసలావిడ మెట్లెక్కలేదేమోనని ఇద్దరు మనుషుల్ని, ఒక కుర్చీని వెంటేసుకుని వెళ్లి గదులన్నీ గాలించాను. చివరికి వాచ్‌మన్ నా చేతిలో ఓ అట్టపెట్టె పెట్టాడు. లోపల దూదిలో నలభై వేల ఏళ్ల నాటి దవడ, దానికి రెండు పళ్లు.

చూడ్డానికి వచ్చినవాళ్లనూ ఆయన వదిలేవారు కారు. మనకంటే ముందే అంతరించిపోయిన ఈ జాతి మనుషులకు కనుబొమల ఎముక చూరులా ముందుకు ఉంటుందనీ, గడ్డం ఎముక ఉండదనీ, అయినా వాళ్ల డీఎన్ఏ మనలో చాలామందికి నూటికి ఒకటో రెండో వంతు వచ్చిందనీ చెప్పి, మీకూ అత్తే కాబట్టి నమస్కారం పెట్టమనేవారు. ఒకాయన పెట్టేసి, ఎందుకు పెట్టానా అని మెట్ల దాకా ఆలోచిస్తూ వెళ్లాడు.

అలాంటి పెద్దత్త పన్ను ఒకటి తొలిచి, ఆ పొడిని పరీక్షకు పంపే పని నాకు అప్పగించారు. మూడు నెలలకు ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. పొడిలో ఈ కాలపు మనిషి డీఎన్ఏ కలిసిందట. సిబ్బంది అందరి ఉమ్మి పంపితే ఎవరిదో తేలుస్తారట. తేలిన మనిషిని ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తానని డైరెక్టరుగారు మండిపడ్డారు. తొలిచేటప్పుడు మాస్కు పక్కకు జరిపి తుమ్మింది నేనే.

నేను నోరు తెరిచేలోగా గురువుగారు లేచారు.

"పరీక్షలెందుకండీ, అది నాదే. రోజూ పొద్దున్నే అత్తతో కబుర్లు చెబుతాను కదా."

అది అందరూ చూసిన సంగతే. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషిని ఏం చేయాలో తోచక, డైరెక్టరుగారు ఒక మందలింపు కాగితం రాసిచ్చి ఊరుకున్నారు.

నేను అయోమయంగా ఆయన వెంటపడ్డాను.

"మీరు కబుర్లు చెప్పేటప్పుడు పెట్టె మూత తీయరు కదండీ. మీదెలా అవుతుంది? తుమ్మింది నేను."

"విన్నాను. రెండుసార్లు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"అత్త నలభై వేల ఏళ్లు ఆగిందమ్మా. నువ్వు పని నేర్చుకునేదాకా ఇంకో వారం ఆగలేదా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండో పన్ను కూడా ఆయన నాకే అప్పగించారు. తను మాత్రం తలుపు బయట స్టూలు వేసుకుని, నేను మళ్లీ తుమ్ముతానేమోనని చెవి ఒగ్గి కూర్చున్నారు.