పండుగప్పకు దక్కిన మర్యాద

పార్లమెంటు దేశానికి అద్దమని ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. మా నియోజకవర్గం నుంచి ఆ అద్దంలోకి చేపలు పట్టే మా పల్లెకారుల మొహం ఒక్కటీ ఎక్కింది లేదు.

మొన్నటి ఎన్నికల ముందు, ఈసారి ఎంపీ టికెట్ మావాళ్లకు ఇమ్మని అడగడానికి నాన్న నన్ను వెంటబెట్టుకుని విజయవాడలో ఒక నాయకుడి ఇంటికి వెళ్లాడు. పెద్దవాళ్ల గడప చేప లేకుండా తొక్కడం మా పల్లెలో మర్యాద కాదు. అందుకని ఐసుపెట్టెలో పెద్ద పండుగప్పను తీసుకెళ్లాం. అదే మేం చేసిన తప్పు. చేప తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి లోపలినుంచి పులుసు వాసన వస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నాయకుడు భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నాన్న మెడలో పార్టీ కండువా వేశాడు.

"టికెట్ ఎందుకండీ, మత్స్యకార సెల్ అధ్యక్ష పదవి మీకే ఇస్తాం."

"సెల్ వద్దండీ. మా మనిషినొకణ్ణి ఢిల్లీ పంపండి," అన్నాడు నాన్న.

"చూద్దాం లెండి. ఈలోపు ఇలాంటి చేపలు ఇంకో రెండు పంపండి. ఎల్లుండి ఢిల్లీ వెళ్తున్నా. అక్కడివాళ్లకి మన పండుగప్పంటే ప్రాణం."

నాన్న తన మెడలో కండువా తీసి, దాంతో ఖాళీ ఐసుపెట్టెలో నీసు నీళ్లు శుభ్రంగా తుడిచి, నాయకుడి కుర్చీ మీద ఆరేశాడు.