అచ్చుపడిన నల్లపోగు

మా నాయన నేసిన ప్రతి లుంగీలోనూ ఒక తప్పు ఉండేది. కావాలని పెట్టిన తప్పు. గళ్ళన్నీ సరిగ్గా కుదిరాక, కొస దగ్గర ఒక నల్లపోగు అడ్డంగా వేసేవాడు, దిష్టి తగలకుండా. గుడియాత్తంలో మా వీధి నేతగాళ్ళు తలా ఒక రకంగా చేసే పనే.

"కొనేవాడు నీ తప్పును కూడా కొనాల్నా?" అని నేను వాదించేదాన్ని.

"నీ మొగుడు కట్టే ఇండ్లకు గుమ్మడికాయ కట్టడం లేదా మే?" అనేవాడు. నా మొగుడు వేలూరు పక్కన తొరపాడిలో మేస్త్రీ. ఇల్లూ లుంగీ ఒకటేనా అని నేను మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

బయటి దేశాల గుడ్డ మీద సుంకం తగ్గించారని పేపర్లో పడినప్పుడు నాయన నన్నే అడిగాడు, నేను ఎకనామిక్స్ చదివినదాన్ని గనక.

"తగ్గిస్తే మనకేమి?"

"ఓడలో వచ్చే లుంగీ నీ లుంగీకన్నా చవక అవుతుంది."

"లుంగీ కట్టనోళ్ళు లుంగీ ఎట్లా చేస్తారు మే?" అన్నాడు. పక్క మగ్గాల మీదున్న కూలి నేతగాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు.

కొన్ని నెలలకే వేలూరు బజారులో మా లుంగీలు తీసుకునే అంగడాయన కబురు పెట్టాడు. బేరంలో నాయన మెత్తన. అందుకని నేనూ వెంట వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. అంగట్లో ఫ్యాను తిరుగుతోంది, మనిషి అలికిడి లేదు.

"పెద్దాయనా, కోపం చేసుకోవద్దు. వేరే సరుకు వచ్చుండాది. నీ ధరలో సగమే," అంటూ అంగడాయన ఒక దొంతర దించాడు. ఎరుపు, ఆకుపచ్చ గళ్ళు.

"ఇవి మావే కదా!" అన్నాను.

"కాదమ్మా, ఓడలో వచ్చినాయి. నేసినవి కావు, అచ్చేసినవి."

నాయన ఒకటి విప్పాడు. కొస దగ్గర నల్లపోగు. ఇంకోటి విప్పాడు. నల్లపోగు. మూడోదీ అంతే. నాయన చేత్తో వేసే పోగు ఏ రెండు లుంగీల్లోనూ ఒక్క చోట పడదు. ఇక్కడ అన్నింట్లోనూ ఒకే చోట పడింది. ఒకే చోట దారి తప్పి, కాస్త పైకి తేలింది. వేలు పెట్టి చూశాను. కంటికి పోగు లేచి కనిపిస్తోంది, వేలికి ఏమీ తగల్లేదు. అద్దంలోని పుండును తాకినట్టుంది.

"నీ లుంగీనే ఎవురో శాంపిల్ పంపించినట్టుండారు. గొప్పగా చెప్పుకో," అని అంగడాయన నవ్వాడు.

నాయన నవ్వలేదు. "పోగు యాడ తప్పిందో చూసినావా మే? ఆ పోగు వేస్తా ఉంటే మీయమ్మ పెరట్లో నుంచి పిలిచింది. మగ్గం మీద నా కాలు తప్పింది. నేను పోయేటప్పటికి బాయి కాడ పడుండాది."

మా అమ్మ మళ్ళీ లేవలేదు. ఆ మధ్యాహ్నం సంగతి నాకు తెలుసు. మగ్గం మీదున్న ఆ లుంగీ ఏమైందో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

"ఇంక ఆ నల్లపోగు వెయ్యొద్దు. నీదే డూప్లికేట్ అంటా ఉండారు జనం. ఈ ధరకే ఇస్తానంటే నీదీ తీసుకుంటా," అన్నాడు అంగడాయన.

నాకు ఒళ్ళు మండింది. "ఆ ధరకు నూలు కూడా రాదు. ఓడ గుడ్డకు సుంకం తగ్గిస్తే మగ్గం ఎట్లా ఆడాల?"

"ఏందమ్మా, సుంకం నేనా తగ్గించింది? ఢిల్లీకి పోయి కొట్లాడు."

"పోతాను, రైలు చార్జీ ఇస్తావా?"

నాయన మా మాటలు వినడం లేదు. ఒక్కో లుంగీ విప్పుతున్నాడు, ఎవరో పిలిచినట్టు ప్రతిసారీ తల వెనక్కి తిప్పుతున్నాడు. ఇంతలో ఎవరో వచ్చి, "బాగుండాదే," అని ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయాడు. నాయన అతను పోయిన వైపే చూస్తూ, "ఎంతమంది కట్టుకుంటా ఉంటారు మే, ఇది?" అన్నాడు.

అమ్ముదామని తెచ్చిన లుంగీల మూట విప్పకుండానే తిరిగొచ్చాం. ఆ సాయంత్రమే నేతగాళ్ళిద్దర్నీ రావద్దన్నాడు. నేను ఊరుకుంటానా? గళ్ళు మార్చమన్నాను, నల్లపోగు మానమన్నాను, బెడ్‌షీట్లు నెయ్యమన్నాను.

"ఏం నేసినా ఎవురో ఒకరు తీసుకుపోయి అచ్చేస్తారు. ఇంట్లో జరిగేదంతా దాంట్లో పడతాది," అన్నాడు. పుట్టినప్పటినుంచీ మగ్గం పక్కనే పెరిగిన మనిషి మగ్గాన్ని చూసి భయపడటం అదే మొదటిసారి చూశాను. సుంకాల గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. ఆ భయంతో ఏమని వాదించేది?

మగ్గాలు కట్టెల కింద అమ్ముడుపోయాయి. కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలు పూడ్చడానికి నా మొగుడు కనియంబాడి నుంచి మనుషుల్ని తెచ్చాడు. మా నేతగాళ్ళలో ఒకతను వాళ్ళతో కలిసి మన్ను మోశాడు, తన గుంతలోకే. ఎంత పోసినా ఇంకా దిగుతూనే ఉంది. నా మొగుడు ఇంకో రెండు బండ్ల మన్ను తెప్పించి పోయించి, పైన సిమెంటు వేయించాడు.

ఎండాకాలంలో ఇల్లంతా కాలిపోతుంటే గుంతలు పూడ్చిన ఆ మూడు చోట్లా నేల చల్లగా ఉంటుంది. నాయన అక్కడే మంచం వేసుకున్నాడు. "ఈడ కూర్చో మే, సల్లగా ఉండాది," అంటాడు, నేను వెళ్ళినప్పుడల్లా. నేను కూర్చోను. గోడ పక్కన నిలబడి, సర్కారును నాలుగు తిట్లు తిట్టి, బస్సుకు టైమైందని వచ్చేస్తాను.