కర్నూలు నుంచి ఎర్రగుంట్ల దారి: పొగ పట్టడానికి బాడుగ పలికిన రాళ్ల చేను

2026 ఫిబ్రవరి 24, మంగళవారం. నాలుగింటికి లేచాను. కళ్లాపి చల్లి ముగ్గేయడం, పాలు కాచడం, చపాతీలు, ఆలుగడ్డ కూర, ఆయనకు డబ్బా కట్టడం, నానిన మినప్పప్పు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టడం, మిద్దె మీది బట్టలు మడతపెట్టడం: బయల్దేరేలోపు ఏడు పనులు. బియ్యం ఏరడం ఒక్కటి మిగిలిపోయింది. ఐదున్నరకు కర్నూలు బస్టాండులో ఉన్నాను.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో దాచకుండా రాస్తాను. మా చెల్లెలు నాగవేణి ఆదివారం ఫోన్ చేసింది. "అక్కా, మా రాళ్ల చేను ఫ్యాక్టరీ వాళ్లు బాడుగకు అడుగుతాండారు. ఎకరాకు ఏడాదికి అరవై వేలంట. సిమెంటు పొగలో గ్యాసు ఉంటాదంట, దాన్ని పట్టే మిషన్లు పెడ్తారంట. మంగళారం సంతకం. నువ్వొచ్చి కాయితం సదువు" అంది. అరవై వేలు అనగానే నా చేతిలోని గరిటె నూనెలో పడింది. వేణిది మూడెకరాలు, అంటే లక్షా ఎనభై వేలు. నాది రెండెకరాలు, ఎకరాకు పది వేలకు కౌలుకిచ్చాను.

రెండూ మా నాన్న భూమే. పదిహేనేళ్ల కిందట పంచుకున్నాం. మా వైపు పెద్దవాళ్లు భాగాలు పెడితే చిన్నవాళ్లు ముందు ఎంచుకుంటారు. భాగాలు పెట్టింది నేను. దానికి ముందు వారం, నీళ్లు చూసే ఆయనను పిలిపించి తూర్పు చేనంతా నడిపించాను. నీళ్లున్న చోట అరచేతిలోని టెంకాయ దానంతటదే నిలువుగా లేచి నిలబడుతుందని నమ్మకం. వేపచెట్టు దగ్గర కాయ లేచింది. ఆ సంగతి వేణికి చెప్పలేదు. తూర్పున రెండెకరాలు ఒక భాగం, ఫ్యాక్టరీ గోడ పక్కన నాపరాళ్ల నేల మూడెకరాలు ఇంకో భాగం అన్నాను. ఎకరం ఎక్కువ చూపిస్తే అటు మొగ్గుతుందని నా ఎత్తు. అలాగే మొగ్గింది. నేను బోరు వేయించాను, ఆరేళ్లు నీళ్లు పోసి ఎండిపోయింది. ఇంటి లెక్కల పుస్తకం చివరి పేజీలో మాత్రం "వేణికి: ఒక మాట బాకీ" అని రాసి, ఏటా కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తూ వచ్చాను.

కర్నూలు నుంచి నంద్యాలకు ఎక్స్‌ప్రెస్ బస్సులో రెండు గంటలు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. నంద్యాలలో ఎనిమిదింటికి జమ్మలమడుగు బస్సు దొరికింది, అదీ ఉచితమే. కోయిలకుంట్లలో పది నిమిషాలు ఆపితే దిగి ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాను, నలభై రూపాయలు. బజ్జీ చల్లగా ఉందంటే బండామె బాణలి మీంచి కళ్లు తిప్పకుండా, "బస్సులో ఉత్తగానే వస్తివి, బజ్జీ కూడా నేనే కాల్చి నోట్లో పెట్టల్లనా?" అంది. నా చుట్టూ అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కిటికీ పక్కన కూర్చొని లక్షా ఎనభైలోంచి ఇరవై తీసేస్తూ వచ్చాను. మూడుసార్లు చేసినా లక్షా అరవై తేడా అలాగే ఉంది.

జమ్మలమడుగులో దిగేసరికి పదిన్నర దాటింది. గండికోటకు పోయేవాళ్లు ఇక్కడే దిగుతారు. నేను ఎర్రగుంట్ల వైపు మా ఊరికి ఆటో మాట్లాడుకున్నాను, రెండొందలు. డ్రైవరు మస్తాన్ గారికి యాభై ఏళ్లుంటాయి. మంచినీళ్ల సీసా ఇవ్వబోతే, "రంజాన్ రోజాలో ఉండా అక్కా" అని వారించారు. ఫ్రీ బస్సు వచ్చాక గిరాకీ ఎలా ఉందని అడిగాను.

"యాడిది అక్కా గిరాకీ! ఆడోళ్లందరూ బస్సెక్కిరి. మాకూ ఏడాదికింతని సర్కారు దుడ్లు ఏస్తాండాదిలే. ఆ ఆర్డరు కాయితం వస్తే మాకు పండగ, ఫ్రీ బస్సు కాయితం వస్తే మీకు పండగ."

"కాయితం పోతే?"

"పోతే నువ్వు ఇంట్ల, నేను చెట్టు కింద" అని నవ్వారు.

పదకొండుంబావుకు వేణి ఇంటి ముందు దిగాను. గేటుకు కొత్త రంగు వేసి ఉంది. బాడుగ రాకముందే రంగా అనుకున్నాను. మా మరిది గొర్రెలు తోలుకొని పోయాడు. ముప్పై గొర్రెలు, ఆ రాళ్ల మధ్య మొలిచే గడ్డే వాటికి మేత, వాటి మీదే వాళ్ల సంసారం. "రేపటి నుంచి ఆ బాధ లేదక్కా. చేను చుట్టూ కంచె ఏస్తారంట, మేపేకి జాగా ఉండదు. రేపు పొద్దున్నే కటికాయన వస్తాడు, మందంతా అమ్మేస్తాండాం" అంది వేణి సంబరంగా. నా ముందు కాగితాలు పెట్టి సంగటి కెలకడానికి లేచింది.

తెలుగులో టైపు చేసిన ఆరు పేజీలు. నాలుగో పేజీలో దొరికింది. సంతకమైన రోజు నుంచి భూమి ఫ్యాక్టరీ స్వాధీనంలో ఉంటుంది. బాడుగ మాత్రం, ప్రాజెక్టుకు ప్రభుత్వ సాయం మంజూరై గ్యాసు పట్టడం మొదలైన తేదీ నుంచి. ఆ తేదీ ఎప్పుడో ఎక్కడా లేదు. మళ్లీ చదివాను. ఆదివారం నుంచి గుండెల్లో ఉన్న మంట మీద ఎవరో నీళ్లు చల్లినట్టు చల్లబడింది. సంతోషం వేసింది. అవును, సంతోషమే.

"ఎట్లుందక్కా?" అని లోపలి నుంచి అడిగింది.

"బాగానే ఉంది" అన్నాను.

రాగి సంగటి, శెనక్కాయల చట్నీ, గోంగూర పప్పు పెట్టింది. వేడి సంగటిలో గుంట చేసి నెయ్యి పోస్తూ, "నువ్వు సూసినావంటే నాకు ధైర్యం. మా ఇంట్ల లెక్క తెలిసినోళ్లు ఎవరుండారు?" అంది. ముద్ద పక్కకు పెట్టి నీళ్లు తాగాను.

ఒంటి గంటకు ఫ్యాక్టరీ తరఫున ఒక ఆఫీసరు గారు వచ్చారు. తల నెరిసిన నెమ్మదైన మనిషి. వేణి పెన్ను తీసుకుంది. నాలుగో పేజీ దాటి ఆరో పేజీకి పోయింది.

"ఆగు మే" అన్నాను. ఆఫీసరు గారి వైపు తిరిగి, "ప్రభుత్వ సాయం రాకపోతే ఏం చేస్తారు సార్?" అని అడిగాను.

ఆయన దాచలేదు. "సున్నపురాయిని కాలిస్తే ఆ రాయిలోంచే గ్యాసు వస్తుందమ్మా. బొగ్గు మానేసినా అది ఆగదు, చిమ్నీ దగ్గర పట్టాల్సిందే. పట్టడానికి మిషన్లు కావాలి, శానా కరెంటు కావాలి. ఆ ఖర్చంతా సిమెంటు బస్తా మీద వేస్తే పక్క ఫ్యాక్టరీ బస్తా కొంటారు గానీ మాది కొనరు. టన్ను సిమెంటుకు ఇంతే గ్యాసు వదలాలని సర్కారు హద్దు పెడుతోంది. హద్దు కంటే తగ్గించినవాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తారు, దాటినవాళ్లు వాటిని కొనాలి. ఆ సర్టిఫికెట్టుకు మంచి ధర పలికితే మాకు గిట్టుబాటు. లేదంటే మిషన్ల ఖర్చులో సర్కారు చెయ్యి వెయ్యాలి. బడ్జెట్‌లో డబ్బు పెడతామన్నారు. మా వంతు ఎంతో, ఎప్పుడో తెలీదు."

"అంతవరకూ ఈమె గొర్రెలు ఏం తినల్ల?"

ఆయన నాలుగో పేజీ తిరగేశారు. వేణి పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. "అంటే సంతకం పెట్టినా దుడ్లు రావా?"

"సర్కారు ఆర్డరు వచ్చినాక వస్తాయి. రాకపోతే రావు. కంచె మాత్రం రేపే వస్తుంది" అన్నాను.

పెన్సిలుతో వెనక పేజీ మీద నేనే రాసిచ్చాను: సంతకమైన రోజు నుంచి ఎకరాకు పదిహేను వేలు, గ్యాసు పట్టడం మొదలయ్యాక అరవై, మిషన్ల పని మొదలయ్యేదాకా కంచె వేయకూడదు, గొర్రెలు మేపుకోవచ్చు, రెండేళ్లలో పని మొదలుకాకపోతే చేను వెనక్కి. ఆయన చదివి, "పైవాళ్లను అడగాలమ్మా, మాటివ్వలేను" అని కాగితాలు సర్దుకున్నారు. సంతకం లేకుండానే వెళ్లిపోయారు. వేణి కటికాయనకు ఫోన్ చేసి రావద్దంది.

తర్వాత నన్నే చూస్తూ అడిగింది. "అన్నానికి ముందే సదివితివి కదా? బాగానే ఉందంటివి."

"కుళ్లుతో అన్నానులే" అన్నాను. నోరు తెరిచాను కాబట్టి టెంకాయ సంగతీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

వేణి పగలబడి నవ్వింది. "ఆ పొద్దు నేను ఆ రాళ్లెనక గొర్రెలు మేపుతాంటి. కాయ లేచింది నేనూ సూసినా."

"చూసి మరి ఇది ఎందుకు ఎంచుకున్నావే?"

"నీళ్లుంటే ఏంది? బోరు ఏసేకి నా తాన దుడ్లు యాడివి? రాళ్ల సందున గడ్డయితే ఏం ఖర్చు పెట్టకుండానే గొర్రెలు తింటాయి. నువ్వేమో లక్ష పోసి ఆరేళ్లు తాగితివి." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కుళ్లు పడు, ఏం కాదు. కాయితం మాత్రం ముందే సదివి సెప్పు."

మూడింటికి మస్తాన్ గారి ఆటోలోనే జమ్మలమడుగు చేరాను, మళ్లీ రెండొందలు. ఈరోజు ఖర్చు మొత్తం నాలుగు వందల నలభై. సున్నా టికెట్టు లేకపోతే ఈ ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు, ఫోన్లోనే "బాగానే ఉంది" అనేసేదాన్ని. ఫ్యాక్టరీ చిమ్నీ పొగ ఎర్రగుంట్ల వైపు చాలా దూరం కనిపించింది. నీళ్లు నేల కింద ఉన్నాయి, గ్యాసు గాలిలో ఉంది. తీసే ఖర్చు ఎవరు పెడతారన్నదే ప్రశ్న. కుళ్లు పోయిందా అంటే పోలేదు. పదిహేను వేలకు ఒప్పుకున్నా అది నా కౌలు కంటే ఎక్కువే. ఆ లెక్క కూడా బస్సులో చేశాను. కాకపోతే ఈసారి గొర్రెలు అమ్ముడుపోలేదన్న మాట తలుచుకొని నిద్రపోయాను.

ఈ దారిలో వచ్చే ఆడవాళ్లకు ఒక సూచన: నంద్యాలలో తొందరపడి డీలక్స్ బస్సు ఎక్కకండి, దానికి ఉచితం లేదు. ఎక్స్‌ప్రెస్ గానీ పల్లెవెలుగు గానీ అని బోర్డు చూసి ఎక్కండి, ఆధార్ చేతిలో ఉంచుకోండి.

పుస్తకం చివరి పేజీ. వేణికి: ఒక మాట బాకీ. ఈరోజు చెల్లు.