బోర్లా పెట్టిన ఫోను

మనిషి తన ఫోనును జేబులోంచి తీసి బల్లమీద పెట్టడం నేర్చిన నాటి నుంచీ మానవజాతి రెండు శిబిరాలుగా చీలిపోయింది. ముఖం పైకి పెట్టేవాళ్లది ఒక శిబిరం, బోర్లా పెట్టేవాళ్లది మరొకటి. ఈ చీలిక ఎప్పుడు, ఎవరివల్ల వచ్చిందో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. తేల్చే ఉద్దేశం ఉన్నట్టు కూడా కనిపించదు. కానీ రెండో శిబిరానికి నాయకుడెవరని అడిగితే మాత్రం, బస్టాండు వెనక వీధి క్యాంటీన్లో శుక్రవారం మధ్యాహ్నాలు మూలబల్ల దగ్గర కూర్చునే ఒకాయన్ని నిస్సంకోచంగా చూపించవచ్చు.

ఆయన ఉత్తినే బోర్లా పెట్టి ఊరుకునేవారు కాదు. ముందు ఫోను గొంతు నొక్కేవారు. తరవాత బోర్లించేవారు. ఆపైన, పాతరమీద బండ మూసినట్టు, కళ్లజోడు పెట్టెను అడ్డంగా పెట్టేవారు. క్యాంటీన్లోనే కాదు, ఇంట్లో కంచం పక్కనా, అత్తవారింట్లో పీట పక్కనా ఇదే విధి, ఇదే క్రమం. చూసి చూసి జనం ఆయనకు గుట్టుగారు అని పేరు పెట్టారు. చివర్న 'గారు' తగిలించింది వయసును చూసి.

గుట్టుగారి వృత్తి ఉద్యోగాలు కుదర్చడం. ఏ కంపెనీలోనూ జీతగాడు కాదు. తనకు తానే యజమాని, తనకు తానే గుమాస్తా. లాండ్రీ షాపు మీది గదిలో సగం ఆయన ఆఫీసు. మిగతా సగంలో ఒక పళ్ల డాక్టరు తన పాత కుర్చీలు పడేసుకున్నాడు. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు ఆ వాలుకుర్చీల్లో వెల్లకిలా కూర్చుని, నోరు తెరిచి ఆయన చెప్పేది వినేవారు. కంపెనీకి మనిషి కుదిరితే ఆయనకు కమిషన్. కుదరకపోతే కిందినుంచి వచ్చే ఇస్త్రీ ఆవిరి.

ఇలాంటి ఒంటరి వ్యాపారులు ఊళ్లో ఇంకొందరున్నారు. ఒకరి దగ్గర ఖాళీ ఉంటుంది, మనిషి ఉండడు. ఇంకొకరి దగ్గర మనిషి ఉంటాడు, ఖాళీ ఉండదు. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెడితే పోలేదా అని మొదట అన్నది ఫ్యాక్టరీ అక్క. ఫ్యాక్టరీలకు మనుషుల్ని వెతికిపెడుతుంది కనక ఆవిడకా పేరు. శుక్రవారం శుక్రవారం అందరూ కలవాలి, ఎవరి దగ్గర ఏముందో చెప్పాలి, జత కుదిరితే కమిషన్ చెరిసగం. నమ్మకానికి తోడుగా కాస్త జాగ్రత్త కూడా పెట్టుకున్నారు. మాట కుదిరేదాకా కంపెనీ పేరు చెప్పరు, మనిషి పేరూ చెప్పరు. బయోడేటాలో పేరూ ఫోన్ నంబరూ కొట్టేసి తెస్తారు. దీన్ని వాళ్ల భాషలో ముసుగెయ్యడం అంటారు. ఒకరు వేసిన ముసుగును ఇంకొకరు చాటుగా ఎత్తి చూడటం నీచమని ఎవరూ రాసి పెట్టలేదు. రాయాల్సిన అవసరం వస్తుందనుకోలేదు.

గుట్టుగారు ఒక్క శుక్రవారం మానేవారు కాదు. వచ్చి, కాఫీ తాగి, ఫోను బోర్లించి, అందరివీ శ్రద్ధగా వినేవారు. తన వంతు రాగానే "నా దగ్గరేముంటుందండీ" అని ఖాళీ అరచేతులు చూపించేవారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెతను మిగతా జనం వాడుకున్నారు. ఆయన ఆచరించారు.

నిజానికి ఆయన దగ్గర ఒక ఖాళీ ఉంది. ఊరి శివారులో ఒక కోల్డ్ స్టోరేజీ. చల్లటి గదుల యంత్రాలు చూసుకోవడానికి సూపర్‌వైజరు కావాలని మేనేజరు ఆయన ఒక్కడికే చెప్పాడు. గుట్టుగారు వెతికారు, దొరకలేదు. పక్కవాడితో అంటే సగం పోతుంది. అందుకని ఆ ఖాళీని కోడిపెట్ట గుడ్డును పొదిగినట్టు పొదుగుతూ, మేనేజరుతో "చూస్తున్నాను సార్" అంటూ వచ్చారు.

"చూస్తున్నాను" అనే మాట ఇంట్లోనూ అంతే వాడకంలో ఉండేది.

"ఏమండీ, మా చెల్లెలి మొగుడి సంగతేం చేశారు?" అని భార్య అడిగేది.

"చూస్తున్నాను."

"చూస్తున్నారు, చూస్తున్నారు. కళ్లజోడు నంబరు పెరుగుతోంది గానీ అతనికి ఉద్యోగం రాలేదు. అది బయటి బట్టలు కుట్టడం మొదలెట్టింది, తెలుసా మీకు?"

తోడల్లుడు పనిచేసే ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలమైంది. అందులో ఏం తయారయ్యేదో గుట్టుగారు ఎన్నడూ కనుక్కోలేదు. అతను బయోడేటా తెచ్చి రెండు చేతులతో ఇచ్చి వెళ్లాడు. గుట్టుగారు దాన్ని ఆఫీసు సొరుగులో పెట్టారు. చదవలేదు. చుట్టాల బయోడేటా చదివితే పని చెయ్యాల్సి వస్తుందని ఆయన అనుభవం. అదీగాక తోడల్లుడి ముందు తాను నలుగురికి అన్నం పెట్టే మనిషిగా, అతను ఏదో మెషీన్ల పని చేసుకునేవాడిగా ఉండటం ఆయనకు అలవాటై, ఒంటికి పట్టింది. ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ "ప్రస్తుతం ఏం చేస్తున్నారు?" అని అడిగి బతికే ఆ మనిషి, ఆ ప్రశ్న తోడల్లుణ్ణి ఎన్నడూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం ఫ్యాక్టరీ అక్క ముసుగేసిన బయోడేటా ఒకటి బల్ల మధ్యకు తోసింది.

"చల్లటి యంత్రాల మనిషి. ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో చేశాడు, అది మూసేశారు. పని బంగారం. ఒకటే లోపం, తన గురించి తను చెప్పుకోలేడు. నీకేం వచ్చు బాబూ అంటే, ఏదో కొద్దిగా అంటాడు."

"అలాంటివాడికి మనమే నోరవ్వాలి," అన్నారు పెద్దాయన. ఆయన ఒక కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసి రిటైరై ఈ పనిలోకి వచ్చారు. "ఎవరి దగ్గరైనా ఖాళీ ఉందా?"

ఎవరి దగ్గరా లేదు. అక్క చివర్న ఇటు తిరిగింది. "మీరో గుట్టుగారూ?" ఎదటే ఆ పేరుతో పిలిచే చనువు ఆవిడకొక్కదానికే ఉంది.

"నా దగ్గరేముంటుందక్కా."

"పోనీ మీ ఫోన్నడగండి. పాపం ఊపిరాడక ఎలా పడుందో."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే కళ్లజోడు పెట్టెను ఇంకాస్త నొక్కారు. ఆ నొక్కిన చేతి కింద కోల్డ్ స్టోరేజీ ఉంది. బల్లమీద దానికి తగ్గ మనిషి ఉన్నాడు. మధ్యలో సగం కమిషన్ అడ్డం ఉంది.

ఊళ్లో మూతబడ్డ ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఒక్కటే. మరికొన్ని శుక్రవారాలు అక్క అదే బయోడేటా తోసింది, గుట్టుగారు అవే అరచేతులు చూపించారు. చివరికొక శనివారం బస్సెక్కి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగారు. లోపల ఏమీ మిగలకపోయినా దాన్ని కాపలా కాయడానికి వాచ్‌మన్ మిగిలాడు. పాత స్నేహితుణ్ణని చెప్పి, యంత్రాల మనిషి గురించి కదిపారు.

"మెషీన్ల సారా? ఆయన్ని మర్చిపోతామా," అన్నాడు వాచ్‌మన్, మాట్లాడే మనిషి దొరికిన సంతోషంతో. "మోటారు మొరాయిస్తే పక్కన కూర్చుని పసిపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగించేవాడు. మేం నవ్వేవాళ్లం. అది లేచి తిరిగేది."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఏముంది, తిరుగుతున్నాడు. వాళ్ల చుట్టాల్లో ఒకాయన ఉద్యోగాలిప్పించే పెద్దమనిషట. కాయితమిచ్చి వచ్చాడు. మళ్లీ మళ్లీ అడిగితే ఆయనకు ఇబ్బందని ఊరుకున్నాడు. అంత చుట్టాన్ని పెట్టుకుని ఈ అవస్థేమిటో."

"ఉంటారయ్యా అలాంటి చుట్టాలు," అన్నారు గుట్టుగారు నిజమైన సానుభూతితో. "గడ్డివాము దగ్గర కుక్కలు. తాము తినరు, ఇంకొకర్ని తిననివ్వరు. నంబరుందా అతనిది?"

వాచ్‌మన్ తన ఫోనులో చూసి అంకెలు ఒక్కొక్కటే చదివాడు. గుట్టుగారు ఒక్కొక్కటే నొక్కారు. ఆఖరి అంకె పడగానే తెరమీద అక్షరాలు వెలిగాయి. ఏనాడో ఆయన తన వేలితోనే రాసి పెట్టుకున్న అక్షరాలవి:

తోడల్లుడు – ఎత్తవద్దు.

"అరె, మీ దగ్గర ముందే ఉందే," అన్నాడు వాచ్‌మన్ తొంగి చూసి. ఫోను ఆ ఒక్కసారీ ముఖం పైకి ఉంది. వాచ్‌మన్‌కు చదువొచ్చు. రెండో మాట కూడా చదివాడు. తెరకేసి చూసి, గుట్టుగారి ముఖంకేసి చూసి, లోపలికి వెళ్లి గేటు దగ్గరగా వేసుకున్నాడు. చప్పుడు కాకుండా వేశాడు. విసిరి కొట్టినా బాగుండేది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లు లోకంలో ఉన్నారు కాబట్టే ఆ సామెత పుట్టింది. ఆ పిల్ల పక్కింటి పిల్లేమోనని, దాన్ని చాటుగా ఎత్తుకుపోదామని వెతికినవాడు మాత్రం ఈయనొక్కడే.

ఆఫీసుకు వచ్చి సొరుగు తెరిచారు. బల్లమీద చూసిన బయోడేటాయే. దీనికి ముసుగు లేదు, అంతే తేడా. పళ్ల డాక్టరు కుర్చీలో వాలి చదువుకున్నారు. పన్ను పీకేటప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖం ఎలా ఉండేదో తెలియదు గానీ, ఆయన ముఖం దానికి దూరంగా ఏమీ లేదు.

అయితే సిగ్గు ఒకవైపు నుంచి వస్తుంటే, అలవాటు రెండోవైపు నుంచి వచ్చింది. ఖాళీ నాది, మనిషి మావాడు, మధ్యలో అక్క దేనికి? అత్తవారింట్లో పేరొస్తుంది, కమిషనూ చీలదు. తేలు కుట్టిన దొంగ కూడా చేతిలోది వదలడు. తోడల్లుడికి ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, మీరా?" అన్నాడతను. ఆ ఆశ్చర్యమే మొదటి దెబ్బ.

"నీకో ఉద్యోగం చూశాను తమ్ముడూ. కోల్డ్ స్టోరేజీలో. సోమవారం నాతో రా."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. మరదలు వింటున్నట్టుంది.

"చాలా సంతోషం అన్నయ్యగారూ. కాకపోతే నా కాయితాలు ఒకావిడ చేతిలో పెట్టాను. పాపం నాకోసం తిరుగుతున్నారు. ఆవిడతో ఒక మాట చెప్పండి, ఆవిడ వెంటే వస్తాను."

"మనలో మనం చూసుకునేదానికి ఆవిడకు తెలియడం దేనికి?"

"అలా కాదు లెండి. ప్రతి శుక్రవారం మీ బల్ల దగ్గర్నుంచి లేవగానే నాకు ఫోన్ చేస్తారు. ఇవాళ కూడా ఎవరి దగ్గరా లేదు బాబూ, అధైర్యపడకు అని."

"మా బల్ల అని నీకెవరు చెప్పారు?"

అతను చెప్పడానికి మొహమాటపడ్డాడు. "ఆవిడే ఓసారి నవ్వుతూ అన్నారు. మాలో ఒకాయనున్నాడు, ఫోను బోర్లా పెట్టి, పైన కళ్లజోడు పెట్టె పెడతాడు, నోరు విప్పడు అని. నేనేం మాట్లాడలేదు. మా అన్నయ్యగారని చెప్పలేదు. బాగుండదు కదా."

గుట్టుగారు ఊరందరి దగ్గరా గుట్టు దాచారు. ఆయన గుట్టు మాత్రం ఇంతకాలం తోడల్లుడు దాచాడు.

ఫోన్ పెట్టేశాక ఆయన చేసిన మొదటి పని, తెరమీది ఆ పేరులోంచి రెండో మాట తీసెయ్యడం. ఆ తరవాత శుక్రవారం దాకా ఏ పనీ చెయ్యలేదు. భార్య "ఏమైనా చూశారా?" అంటే "చూశాను" అని ఊరుకున్నారు.

శుక్రవారం క్యాంటీన్లో ఫోను వెల్లకిలా పెట్టి కూర్చున్నారు. ఫోను వెల్లకిలా ఉందన్న సంగతి ముందు పెద్దాయన గమనించి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

"నా దగ్గరొక ఖాళీ ఉంది," అన్నారు గుట్టుగారు. "కోల్డ్ స్టోరేజీ. యంత్రాల సూపర్‌వైజరు."

"ఎప్పట్నుంచి?" అంది అక్క.

"మీరు మీ మనిషి గురించి చెప్పినప్పుడూ ఉంది. అంతకుముందూ ఉంది."

అక్క నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు.

"ఇంకోటి కూడా ఉంది," అన్నారు ఆయన కప్పులోకి చూస్తూ. "మీరు వేసిన ముసుగు ఎత్తాను. ఫ్యాక్టరీకి వెళ్లి వాకబు చేశాను. అతను మా తోడల్లుడు."

"సొంత తోడల్లుడా?" అన్నారు పెద్దాయన. "మరి ఇన్నాళ్లూ మీరు..." ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశారు. మర్యాదస్తుడు. మిగతా వాక్యం బల్లమీద అలా ఉండిపోయింది.

అక్క ఆయనకేసి తిరిగింది. "వారం వారం ఆ అబ్బాయికి లేదు బాబూ అని చెప్పింది నేను. వాళ్లావిడ ఒకసారి ఫోన్ అందుకుని, ఫరవాలేదండీ అని నన్నే ఓదార్చింది." చెప్పి గ్లాసు పక్కకు జరిపింది. "సరే. ముందు ఆ మేనేజరుకు ఫోన్ చెయ్యండి. తిట్లకు వచ్చే శుక్రవారం ఉంది."

మేనేజరు అప్పటికే విసిగి, ఇంకెవరికైనా చెబుదామని ఉన్నాడు. సోమవారం ముగ్గురూ కలిసి వెళ్లారు. నీకేం వచ్చని మేనేజరు అడిగితే తోడల్లుడు ఎప్పటిలాగే "ఏదో కొద్దిగా" అన్నాడు. మిగతాది అక్క చెప్పింది. గుట్టుగారు మేనేజరు గోడమీద క్యాలెండరు చదువుతూ కూర్చున్నారు. ఉద్యోగం కుదిరింది, కమిషన్ చెరిసగమైంది. ఆ తరవాత ఆయన దగ్గర పాతబడి ఉన్న మరో ఖాళీకి పెద్దాయన మనిషిని ఇచ్చారు. గుట్టుగారి దగ్గర ఊరికే వచ్చిపోతున్న ఒక టైపిస్టు అమ్మాయికి అక్క చోటు చూపించింది. ఇంత సులువని తెలియక ఇన్నేళ్లు కష్టపడ్డారు.

మొదటి జీతం వచ్చాక ఆదివారం అత్తవారింట్లో భోజనాలు పెట్టారు. మావగారు గొంతు సవరించుకుని, పెద్దల్లుడంటే ఇలా ఉండాలన్నారు.

"నేను చేసిందేం లేదు మావయ్యగారూ. ఒక అక్క ఉంది, ఆవిడే..."

"చూశారా," అంది అత్తగారు వడ్డిస్తూ. "చేసినవాడు ఎప్పుడూ చెప్పుకోడు."

"నిజంగానే అత్తయ్యగారూ. నిజానికి నేను ఆలస్యం..."

"తినండి, చాల్లెండి," అంది భార్య. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పెళ్లయ్యాక పుట్టింట్లో ఆయన గురించి అంత తలెత్తుకుని ఆవిడ ఏనాడూ తిరగలేదు. మరదలు ఆయన కంచంలో మళ్లీ వడ్డించింది. తోడల్లుడు తలవంచుకుని తింటున్నాడు. ఆయన కాక నిజం పూర్తిగా తెలిసిన మనిషి ఆ గదిలో అతనొక్కడే. అతను చెప్పడు. చెబితే ఎంతో హాయిగా ఉండేది.

గుట్టుగారు ఎడమచేత్తో జేబులోంచి ఫోను తీశారు. మావగారు, అలవాటుకొద్దీ, కళ్లజోడు పెట్టెకు చోటిస్తూ మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపారు. గుట్టుగారు పెట్టె తియ్యలేదు. ఫోను గొంతు పూర్తిగా పెంచి, ముఖం పైకి, అందరికీ కనిపించేలా కంచం పక్కన పెట్టారు. తోడల్లుడు ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. గదిలో అందరి చూపూ కాసేపు దానిమీదే నిలిచింది.

భోజనాలు ముగిసేదాకా అది ఒక్కసారి కూడా మోగలేదు.